మా బిల్డింగులోనండి

12 అక్టోబరు 1998, సోమవారం

ఎరువుల కొట్టువారు దయతలచి ఇచ్చిన ఈ డైరీలో తొమ్మిది నెలల పైచిలుకు ఖాళీగా పోయింది. ప్రతి పేజీ అడుగునా కొబ్బరికి కొమ్ము పురుగు పడితే ఏం చేయాలో అచ్చువేశారు. మనిషికి పడితే ఏం చేయాలో వేయలేదు కనుక ఆ లోటు నేను పూరించడానికి పూనుకున్నాను. ఇది ఎవరూ చదవరాదు. అమ్మ అసలు చదవరాదు.

ఇవాళ రాజోలులో కొత్తగా పెట్టిన జూనియర్ కాలేజీలో ఇంటర్వ్యూ. ఉన్న చరిత్ర మాస్టారికి సర్కారు బడిలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. నా అర్హతలు: ఎమ్మే చరిత్ర, ప్రైవేటు, రెండో తరగతి. నిరుద్యోగం, రెండేళ్ళు, మొదటి తరగతి. కరస్పాండెంటు శ్రీరామచంద్రమూర్తి గారు కొబ్బరి ఎగుమతిలో సంపాదించి చదువుల్లోకి దిగిన మనిషి. ముగ్గురు అభ్యర్థులనీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి ఒకటే ప్రశ్న వేశారు.

"పద్నాలుగు వందల యాభైమూడులో కాన్‌స్టాంటినోపుల్ పడిపోయిందని మా రోజుల్లో బట్టీ పట్టేం. ఇప్పుడు మా మనవడూ పడుతున్నాడు. పడిపోయేక ఆ ఊళ్ళో జనం ఏమయ్యేరండి?"

సుల్తానులు దాన్ని రాజధాని చేసుకున్నారనీ, ఇస్తాంబూల్ అన్నారనీ నేను మనవి చేశాను. అది రాజుల సంగతి, నేనడిగింది జనం సంగతి అన్నారాయన. ముగ్గురమూ నేల చూశాం. మొజాయిక్ నేల, బాగానే ఉంది. ఇరవై ఎనిమిదో తారీఖున పిల్లల ముందు ఈ పాఠమే ముగ్గురూ చెప్పాలట. బాగా చెప్పినవాడికి ఉద్యోగం.

14 అక్టోబరు

అమలాపురం లైబ్రరీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే రెండు పేజీలు తేలాయి. ఆ రాజధానిలో ముస్లిములూ, గ్రీకు క్రైస్తవులూ, ఆర్మీనియన్లూ, యూదులూ నాలుగైదు వందల ఏళ్ళు కలిసి ఉన్నారట. ఎవరి మతపెద్ద వారికి, ఎవరి పెళ్ళీ తగువూ వారికి. ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. వాళ్ళకీ మనలాగే తోలుబొమ్మలాట ఉంది. దాంట్లో గ్రీకువాడి యాస, యూదు యాస, ఆర్మీనియన్ యాస, అరబ్బు యాస అన్నీ వెక్కిరిస్తారట. ఊరంతా నవ్వుతుందట. మన కేతిగాడు అక్కడా తిరిగాడన్నమాట. కింద ఎర్ర ఇంకుతో రాసుకున్నాను: 'మతసామరస్యానికి ఇంతకు మించిన నిదర్శనం లేదు.'

నిదర్శనం దొరికింది కానీ పాఠం నలభై అయిదు నిమిషాలు. ఉన్న సరుకు ఏడు నిమిషాలు.

రాత్రి అన్నం పెడుతూ అమ్మ, "కాలవ అవతల వీరవేణి వేసంగుల్లో నువ్వు చదివే ఆ ఊళ్ళోనే ఉంటాదంటరా, వెళ్ళి అడగరాదా" అంది. చరిత్రలో ఎమ్మే చేసినవాడు వెళ్ళి వీరవేణిని అడగాలి. నవ్వి నవ్వి పొలమారింది.

16 అక్టోబరు

అడిగాను.

వీరవేణి మొగుడు రాఘవులు మా కొబ్బరి తోటల్లో చెట్లెక్కి దింపు తీస్తాడు. గల్ఫ్ యుద్ధమైన మరుసటి ఏడు వీరవేణి కువైట్ వెళ్ళింది. ఒక పెద్దింట్లో పక్షవాతం వచ్చిన ముసలామెకి అన్నీ చేయడం ఆమె పని. ఎండలు ముదరగానే ఆ కుటుంబం ముసలామెతో సహా ఇస్తాంబూల్‌లో కొనుక్కున్న వాటాలోకి మారిపోతుంది, నాలుగు నెలలు. ఆ లెక్కన ఆరేళ్ళలో రెండేళ్ళు వీరవేణి సుల్తానుల రాజధానిలో కాపురం ఉంది. సెలవు డిసెంబరు పన్నెండు దాకా. రంజాన్ నెల మొదలయ్యేలోగా వచ్చెయ్యమని చెప్పి పంపారట. కూతురు హారిక అదే కాలేజీలో ఇంటర్ మొదటి ఏడాది, చరిత్ర గ్రూపు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. "దాని కోసమే కదండి ఇదంతా" అంది వీరవేణి.

పీట వేసింది, కొబ్బరినీళ్ళిచ్చింది. తరవాత మొదలుపెట్టింది. ప్రతి మాటకీ ముందు "మా బిల్డింగులోనండి" అంటుంది. అంటూ చెయ్యి పైకెత్తి అంతస్తు చూపిస్తుంది.

మా బిల్డింగులోనండి, కింద ముసలి గ్రీకు మేడమండి. పైన ఆర్మీనియా కుట్టుపని ఆవిడండి. ఆ పైన మేమండి. వంటామె ఫాత్మాదేమో ఆ దేశంలో దక్షిణాది, అరబ్బీ మాట్లాడుతుంది, కువైట్‌లో అరబ్బీ పట్టుబడిన వీరవేణికి ఊరంతా ఆమె నోటి మీదుగానే తెలిసింది. కుట్టుపని ఆవిడ ఆగస్టులో చర్చిలో పూజ చేయించేదాకా ద్రాక్షపండు నోట పెట్టదు. చేయించాక అన్ని అంతస్తులకీ ఒక్కో గుత్తి పంపిస్తుంది. ఫాత్మా ఆ గుత్తిని కళ్ళకద్దుకుని మొదటి పండు ముసలామె నోట్లో పెడుతుంది. "మన తొలిగెల సత్తెమ్మ తల్లికి పెట్టి తిన్నట్టేనండి." పక్క వీధిలో బట్టల కొట్టు శనివారం మూస్తారు, అది యూదులది. ఏ కొట్టు ఏ రోజు మూసుంటుందో చూస్తే చాలు, ఎవరిది ఏ మతమో అడగక్కర్లేదు. అజాన్ అయ్యాక చర్చి గంట మోగితే పాలు పొయ్యి మీద పెట్టే వేళ. రొట్టెలవాడు వస్తే మూడో అంతస్తు నుంచి తాడు కట్టి బుట్ట దింపడమే.

"తాడు చివర బుట్టండి. బుట్టలో డబ్బులండి. రొట్టె పైకొచ్చేస్తాది. ఆయ్."

వందల ఏళ్ళ నగర జీవితం కొబ్బరాకుల పాకలో పీట మీద కూర్చుంటే వచ్చేస్తోంది. నేను రాసుకుంటూ నవ్వుతున్నాను. నేను నవ్వినకొద్దీ ఇంకా చెబుతోంది.

24 అక్టోబరు

ఇప్పటికి అయిదుసార్లు వెళ్ళాను. ముప్ఫై పేజీలు. పాఠం చదివి చూసుకుంటే చప్పగా ఉంది. ఏదో తక్కువ. అద్దం ముందు నిలబడి తువ్వాలు తలకి చుట్టుకుని "మా బిల్డింగులోనండి" అన్నాను. తక్కువైంది అదే.

28 అక్టోబరు

దిగ్విజయం. ఈ పదం చరిత్ర పుస్తకాల్లో రాజులకి వాడతారు, ఇవాళ నాకు వాడుతున్నాను.

మొదటివాడు తేదీలు చెప్పాడు. రెండోవాడు చెప్పినవి తేదీలో కాదో తెలియలేదు. నేను జేబులోంచి తువ్వాలు తీశాను. పది నిమిషాల్లో అరవైమందీ బల్లలు కొట్టారు. ఆ నడక నడిచాను, నడుం మీద చెయ్యి పెట్టుకుని, మోకాళ్ళు కొంచెం విడిచి, బిందె ఉన్నట్టు. బుట్ట దింపాను. ముసలామెకి మొహం కడిగాను, మొహంతో ఆపలేదు. ద్రాక్షలు పంచాను. శ్రీరామచంద్రమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చివర్లో తోలుబొమ్మలాట సంగతి చెప్పి, "నవ్వుకోగలిగినన్నాళ్ళే కలిసి ఉండగలం" అని ముగించాను. చప్పట్లు.

పేరు చెప్పలేదు. "మా ఊరావిడ ఒకావిడ" అన్నానంతే.

హారిక మూడో బెంచీలో ఉంది. నవ్వినట్టే ఉంది.

29 అక్టోబరు

ఉద్యోగం నాది. అమ్మ పులిహోర చేసింది.

3 నవంబరు

ఉద్యోగంలో రెండో రోజు. సాయంత్రం బస్టాండులో మా పిల్లలే ఎవర్నో చూసి "బిల్డింగు, బిల్డింగు వస్తుంది జరగండ్రా" అంటున్నారు. గోదావరి గాలికి ఇదొక గుణం, ఏదీ పేరు పెట్టకుండా పోనివ్వదు. మా నాన్నని సగం మండలం లెక్కల పుస్తకం అంటారు, నన్ను చిన్నప్పుడు చిలకపలుకు అనేవారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. నవ్వాక చూశాను.

హారిక. పుస్తకాలు గుండెకి పెట్టుకుని చాలా మామూలుగా నడవడానికి ప్రయత్నిస్తోంది. మామూలుగా నడవడం అంత కష్టమని నాకు తెలియదు.

పేరు నేను చెప్పలేదు.

6 నవంబరు

హారిక రాలేదు. జ్వరం అయ్యుంటుంది. వానలు కదా.

9 నవంబరు

హారిక రాలేదు. హాజరు పట్టీలో ఆమె పేరు దగ్గర 'ప్రెజెంట్' వేశాను. పాపం, హాజరు తక్కువై పరీక్షకి కూర్చోనివ్వకపోతే? ఇది దయ. ఎవరూ అడగలేదు కానీ ఇది దయ అని ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

10. ప్రెజెంట్.

11. ప్రెజెంట్.

12 నవంబరు

అమ్మ చెప్పింది. హారిక అంతర్వేది రోడ్డులో రొయ్యలు వలిచే షెడ్డుకి వెళుతోందట. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదట. పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి రోజు డిసెంబరు అయిదు, కట్టనందట. వారం తిరక్కుండా తల్లి విమానం ఎక్కిపోతుంది, ఆ తరవాత ఈ పిల్లని షెడ్డులోంచి బయటికి లాగేవాడు ఉండడు. "ఏం జరిగిందిరా మీ కాలేజీలో?" అని అడిగింది. అన్నం కలుపుతూ నాకేం తెలుసన్నాను.

మధ్యాహ్నం మా తోటలో దింపు. రాఘవులు చెట్టు మీద ఉన్నాడు. ఏదో ఒకటి మాట్లాడదామని చెట్టు మొదట్లో నిలబడ్డాను. పైనుంచి చాలా మర్యాదగా చెప్పాడు.

"దూరంగా ఉండండి బాబుగారు. కాయ పడుద్ది."

ఉన్నాను. కాయ నా పక్కన పడలేదు, మీదా పడలేదు. పడితే బాగుండేదేమో అనిపించింది. ఇలాంటి వాక్యాలు రాస్తే గొప్పగా ఉంటుంది. నిజానికి పరిగెత్తాను.

16 నవంబరు

ఇవాళ క్లాసులో గంభీరంగా నిలబడి, ఒక సహాధ్యాయినిని అవహేళన చేయడం సంస్కారం కాదని మొదలుపెట్టాను. ఇందులో నా పాత్ర కూడా ఉందని ఒప్పుకోవడానికి నోరు తెరిచాను. అరవై మొహాలు నా వైపు చూస్తున్నాయి, వెనక బెంచీలో అనిల్ కుమార్ అనేవాడు పెదవులు బిగబట్టుకున్నాడు. వాడికి నవ్వు వస్తోంది. అది చూడగానే నాలో ఏదో లేచింది. "ఇకపై బిల్డింగు అనదలచినవారు పంచాయతీ అనుమతి తీసుకోవలెను" అన్నాను.

క్లాసు కూలిపోయింది.

గంట కొట్టేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. నేనూ. ఇది రాయకుండా ఉండొచ్చు.

18 నవంబరు

వెళ్ళాను.

వీరవేణి అరుగు మీద పెట్టె సర్దుకుంటోంది. ఊరగాయ సీసాలకి గుడ్డ చుడుతోంది. "రండి బాబుగారు" అని ఎప్పటి పీటే వేసింది. నేను దారిలో మూడు వాక్యాలు తయారు చేసుకున్నాను, మూడూ ముద్రించదగినవి. మొదటిది 'సరదాగా' అనే మాటతో మొదలవుతుంది.

"ఆయ్, తెలుసండి" అంది, రెండోదాకా రానివ్వకుండా. "ఆ రోజే మా పిల్ల చెప్పింది. ఇంటికొచ్చి నన్ను అటూ ఇటూ నడవమందండి. ఎందుకే అన్నాను. నడువమ్మా అంది. నడిచేను. చూసి ఏడ్చింది."

నేను ఒక సీసా అందుకుని మూత బిగించాను.

ఆవిడ ఆ సీసా తీసుకుని గుడ్డ చుట్టింది. తరవాత "మా బిల్డిం" అని ఆగిపోయింది. ఆ మాటని నోట్లోనే ఆపుకుని ఇంకో మాట వెతుక్కుంది. "మేముండే మేడలో" అంది. ఇంటికొచ్చి ఇంతసేపైనా నా చెవిలో అదే ఉంది, ఆ వెతుక్కోవడం.

"మేముండే మేడలో కింద గ్రీకు మేడమని చెప్పేను కదండి. ఆవిడ ఎవరితోనూ మాట్లాడదండి. కొట్టుకెళితే వేలితో చూపిస్తాది. నాకేమో ఆ ఊరి మాట రాదు, నేనూ వేలే. అలా కుదిరిందండి మా ఇద్దరికీ. సాయంత్రం ముసలామె పడుకున్నాక ఆవిడ దగ్గర కూర్చునేదాన్ని. ఎందుకు మాట్లాడదని ఫాత్మాని అడిగితే చెప్పింది."

నేను పుస్తకం తీయలేదు. అందుకే ఇక్కడ గుర్తున్నంత రాస్తున్నాను. మేడమ్ భర్తకి పెద్ద వీధిలో గుండీల కొట్టు ఉండేది. పందొమ్మిది వందల యాభై అయిదు సెప్టెంబరులో ఒక రాత్రి లారీల్లో జనం వచ్చి గ్రీకుల కొట్లన్నీ పగలగొట్టారు. ఆర్మీనియన్లవీ, యూదులవీ కూడా. వీధి నిండా బట్టల తానులు, చక్కెర, గాజు. వాళ్ళ కొట్లో గుండీలన్నీ రోడ్డు మీద పోసి తొక్కారు. కొందరు ముస్లిం ఇరుగుపొరుగులు తమ ఇంటి టర్కీ జెండా తెచ్చి గ్రీకు ఇంటికి కట్టి కాపాడారు. అదీ ఫాత్మా చెప్పిందట, చెప్పకుండా ఉండకూడదని.

"ఆ వీధిలో ఒక కుర్రాడుండేవోడంటండి. హాస్యగాడు. మేడమ్ వాళ్ళ మాట యాసగా ఉంటాది కదా, అలా మాట్లాడి అందరినీ నవ్వించేవోడంట. ఆవిడే పిలిచి చేయించుకుని నవ్వేదంట. మిఠాయి పెట్టేదంట. ఆ రాత్రి వాడు ఏమీ పగలగొట్టలేదంటండి. గుమ్మంలో నిలబడి, ఆవిడ అయ్యో అయ్యో అంటుంటే ఆవిడ అన్నట్టే అన్నాడంట. వచ్చినోళ్ళంతా నవ్వేరంట. పగలగొట్టినోళ్ళు ఎవరో ఆవిడకి గుర్తులేదు. ఇది గుర్తుంది. ఆ తరవాత వీధిలో నోరు విప్పలేదు."

ఇదంతా మొదట్లోనే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎంత తెలివైన ప్రశ్న.

"మీరు నవ్వుతున్నారు కదండి" అంది. "నవ్వొచ్చేయి చెప్పేను."

19 నవంబరు

ఆ తోలుబొమ్మలాట తెర ముందు కూర్చున్న గ్రీకువాడు నవ్వాడా, లేదా? యూదు? ఊరంతా నవ్విందని పుస్తకంలో రాసినవాడు ఎక్కడ కూర్చుని చూశాడు? ఎర్ర ఇంకు వాక్యాన్ని కొట్టేశాను. కొట్టేసినా చదవడానికి వస్తోంది.

20. ప్రెజెంట్.

21 నవంబరు

రాజీనామా పత్రం రాశాను. రెండు పేజీలు, 'అంతరాత్మ' నాలుగు చోట్ల. చదువుకుంటే చాలా బాగుంది. అంత బాగున్నది ఇవ్వకూడదని చింపేశాను. అబద్ధం. ఉద్యోగం పోతుందని చింపేశాను.

23 నవంబరు

శ్రీరామచంద్రమూర్తి గారి గదిలోకి వెళ్ళి, ఆ రోజు పాఠం నాది కాదండి, వీరవేణి అనే ఆవిడది, నేను ఆవిడని వెక్కిరించి ఉద్యోగం తెచ్చుకున్నాను, ఆవిడ కూతురు కాలేజీ మానేసింది అని ఒక్క గుక్కలో చెప్పాను. జోకు లేకుండా చెప్పాను.

ఆయన టీ తెప్పించారు. "పాఠం ఎవరిదైతే ఏంటండి మాస్టారూ. మేం తీసుకున్నది పాఠానికి కాదు. పిల్లలు నిద్రపోకుండా ఉంటున్నారు, అందుక్కదా. ఆ అమ్మాయిదేముంది, రెండు రోజులు అంటారు, మానేస్తారు. మీరు మాత్రం అలాగే కానియ్యండి."

టీ బాగుంది. తాగాను.

27 నవంబరు

మధ్యాహ్నం సెలవు పెట్టి షెడ్డుకి వెళ్ళాను. పొడుగాటి రేకుల షెడ్డు. మంచులో పోసిన రొయ్యల గుట్టలు, వాటి చుట్టూ నలభై మంది ఆడవాళ్ళు. హారిక ఒక మూల వలుస్తోంది. వేళ్ళు తెల్లగా ఉబ్బిపోయి ముడతలు పడ్డాయి. పదిహేడేళ్ళ వేళ్ళు కావు అవి. నేను గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాను. గొంతు సవరించుకోవడం కూడా క్లాసులో లాగే వచ్చింది.

"ఎవరే ఈయన, తాళంచెవి మింగినట్టున్నాడు" అంది రత్నమాల అనే పెద్దావిడ. అక్కడ మేస్త్రీ ఆవిడే. కాలేజీ మాస్టారని ఎవరో చెప్పారు. "నీకు పాఠం చెప్పిన మాస్టారేనా పిల్లా? ఎలా చెబుతాడేంటి?"

హారిక తల ఎత్తింది. నన్ను చూసింది. రొయ్య కింద పెట్టి లేచింది.

తడి తువ్వాలు తీసి తలకి చుట్టుకుంది. నేను జేబులోంచి తువ్వాలు తీసిన పద్ధతి ముందు చూపించింది, అటూ ఇటూ చూసి, నవ్వు రాకముందే నవ్వుని లెక్కపెట్టుకుంటున్నట్టు. తరవాత నేను నడిచినట్టు నడిచింది. అది వాళ్ళమ్మ నడక కాదు. ప్రపంచంలో ఏ ఆడదీ అలా నడవదు. నడక మధ్యలో ఆగి, బాగా నవ్వుతున్న వైపుకి తిరిగి, మళ్ళీ ఒకసారి నడిచింది. నేను అలా ఆగానా? ఆగాను. ఆగి కరస్పాండెంటు గారి వైపు చూశాను. ఆ చూపు కూడా అచ్చం చేసి చూపించింది, కుక్క రొట్టె కోసం చూసినట్టుంది.

షెడ్డంతా నవ్వింది. రత్నమాలకి దగ్గొచ్చింది. వెళ్ళిపోదామనుకున్నాను. అయిపోయేదాకా చూశాను.

హారిక తువ్వాలు తీసి పిండి, నా దగ్గరికొచ్చింది. మూడు వారాలుగా ఇంట్లో మాట్లాడని పిల్ల.

"ఫీజు కట్టమని చెప్పడానికొచ్చేరా సార్?"

అవునన్నాను. తప్పు జరిగిపోయిందన్నాను. పేరు మాత్రం చెప్పలేదని, మీ అమ్మ పేరు ఎక్కడా ఎత్తలేదని అన్నాను. ఆ మాట ఇంకా నా దగ్గర ఉంది, తీసి ఇచ్చాను.

"అదే కదండి నేను అడుగుతుంది" అంది. గొంతు పెంచలేదు. "నవ్వొచ్చిన చోట అది మా అమ్మ అని ఊరందరికీ తెలిసిపోయింది. తెలివున్న చోట మటుకు మీ పేరు పడింది. రోజూ నాకు ప్రెజెంట్ వేస్తున్నారంట. నేను లేకపోయినా ఉన్నట్టు రాసేరు, మా అమ్మ ఉన్నా లేనట్టు చెప్పేరు."

ఏం చేయమంటావని అడిగాను. ఒక మాస్టారు ఒక విద్యార్థినిని.

"ఆ పాఠం మళ్ళీ చెప్పండి. ఎవరు చెప్పేరో చెప్పి చెప్పండి. అప్పుడు చూస్తాను."

మళ్ళీ వెళ్ళి రొయ్యల ముందు కూర్చుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. తాటిపాక దాటేదాకా టిక్కెట్టు తీసుకోలేదని కండక్టరు కేకలేశాడు.

2 డిసెంబరు

వీరవేణిని అనుమతి అడిగాను. క్లాసుకి వచ్చి కూర్చోమని కూడా అడిగాను.

"నన్ను చూపించడానికాండి?" అంది. "నేను రాను. పేరు చెప్పండి, తప్పేం లేదు. గుండీల కొట్టు సంగతి కూడా చెప్పండి, ఆవిడేం అనుకోదు." సీసాకి ముడి వేస్తూ, "నడవకండి, అంతే" అంది.

4 డిసెంబరు

ఆఖరి తేదీ రేపు. నిద్ర పట్టదని తెలుసు కనుక పడుకోవడం లేదు. నాకు పాఠం భయం లేదు. అనిల్ కుమార్ పెదవులు బిగబడితే ఏం చేస్తానోనని భయం.

5 డిసెంబరు, శనివారం

రెండో పీరియడ్. హారిక వచ్చింది. మూడో బెంచీలో కాదు, గోడ పక్కన చివర. ఫీజు కట్టలేదు. చేతిలో ఫారం ఉంది, నింపలేదు.

ఇదివరకు చెప్పిన పాఠం మళ్ళీ చెబుతున్నానన్నాను. అరవైమందీ ముందుకి వంగారు. ఒకడు పక్కవాడి వీపు చరిచాడు. నా జేబు వైపు చూస్తున్నారు. "ఇందులో పుస్తకంలోంచి తీసింది ఏడు నిమిషాలు. మిగతాదంతా నాకు చెప్పినావిడ వీరవేణి గారు" అన్నాను. ఆ 'గారు' దగ్గర నాలుక తడబడింది. పాతికేళ్ళ నాలుక, ఆ పేరు పక్కన ఆ మాట ఎప్పుడూ పెట్టలేదు. "ఈ గదిలో ఉన్న హారిక వాళ్ళ అమ్మగారు. ఆ రోజు నేను ఆవిడ చెప్పింది వాడుకుని, ఆవిడని వెక్కిరించి, ఉద్యోగం తెచ్చుకున్నాను."

అనిల్ కుమార్ పెదవులు బిగబట్టాడు. వాడు ఎదురు చూస్తున్నాడు. నాకు జోకు వచ్చింది కూడా, మంచి జోకు, నాలుక చివర దాకా. ఇక్కడ కూడా రాయను.

ద్రాక్షలు చెప్పాను. శనివారం మూసే కొట్టు చెప్పాను. బుట్ట చెప్పాను, చెయ్యి పైకెత్తకుండా. తరవాత గుండీల కొట్టు చెప్పాను, జెండాలు కట్టి కాపాడినవాళ్ళని చెప్పాను, గుమ్మంలో నిలబడ్డ కుర్రాణ్ణి చెప్పాను. పాఠం బాగా రాలేదు. రెండు చోట్ల మర్చిపోయి కాగితం చూశాను. వెనక ఒకడు ఆవలించాడు. నలభై నిమిషాలు వాళ్ళు నవ్వడానికి సిద్ధంగా కూర్చుని, చివరికి అలాగే ఉండిపోయారు. వరండాలో శ్రీరామచంద్రమూర్తి గారు ఆగి, కాసేపు చూసి, నాకు ఒంట్లో బాగోలేదనుకున్నారో ఏమో వెళ్ళిపోయారు.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగాను. అలవాటుగా అడిగిందే, ఎవరూ ఎప్పుడూ అడగరు. అనిల్ కుమార్ లేచాడు. వాడి పెదవులు మామూలుగా ఉన్నాయి.

"ఆ నవ్వించినోడు ఇప్పుడెక్కడున్నాడండి?"

నాకు తెలియదు. నేను అడగలేదు. తెలియదని చెప్పడానికి నోరు తెరిచేలోగా గోడ పక్క నుంచి హారిక అంది.

"ఆ వీధిలోనే ఉన్నాడంట. ముసలోడైపోయేడంట. ఆవిడ పండగ వచ్చినప్పుడల్లా మిఠాయి పొట్లం పట్టుకుని వస్తాడంట. మా అమ్మ చూసింది."

క్లాసంతా వెనక్కి తిరిగింది. ఆ పిల్ల ఫారం మీద పేరు రాసుకుంటూ మాట్లాడుతోంది, తల ఎత్తకుండా.

"మరి ఆవిడ క్షమించేసిందా?" అన్నాడు వాడు.

"కాఫీ ఇస్తాదంట" అంది హారిక. "మాట్లాడదంట."